ఆ అమ్మాయి గొంతుతో నేర్పిన అరబిక్

ఏ భాష పెడితే ఎక్కువమంది చేరతారండీ అని, కొత్తగా కోచింగ్ సెంటర్లు తెరుస్తున్న పిల్లలు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను నరసాపురంలో ఒక సెంటర్లో పద్నాలుగేళ్ళు అరబిక్ చెప్పి, రెండేళ్ళ క్రితం మానేశాను. అంతకుముందు పదకొండేళ్ళు గల్ఫ్‌లో ఒకరింట్లో పిల్లల్ని పెంచాను. నా చదువు పదో తరగతి. నాకొచ్చిన అరబిక్ అంతా ఆ ఇంటి వంటగదిలో తిట్లు తింటూ నేర్చుకున్నదే. కాబట్టి నా మాటలు పండితుల మాటల్లా రాసుకోనక్కర్లేదు.

మా సెంటరు రెండంతస్తుల మేడ. పైన ఒక గదిలో నర్సింగు చదివిన అమ్మాయిలకి జర్మన్. ఆదివారాలు భీమవరం ఇంజనీరింగ్ కాలేజీల నుంచి బైకుల మీద వచ్చే కుర్రాళ్ళకి జపనీస్. మూలగదిలో కొరియన్. జర్మన్ వాళ్ళు పరీక్ష తేదీని బట్టి చదివేవాళ్ళు. జపనీస్ కుర్రాళ్ళు ఆ బొమ్మల అక్షరాలు చూసి సగంలో జారుకునేవాళ్ళు. కొరియన్ పిల్లలకి మాత్రం వీసా లేదు, ఉద్యోగం లేదు, ఎక్కడికీ వెళ్ళేది లేదు. అయినా వానలో తడుస్తూ వచ్చేవాళ్ళు. సీరియల్లో హీరో ఏమంటున్నాడో కింద అక్షరాలు చదవకుండా తెలియాలి, అంతే వాళ్ళ కోరిక. ఏ భాష అంటే ఎక్కువ ఇష్టపడతారని అడిగితే నేను ఆ మూలగది చూపించేదాన్ని.

కింది అంతస్తు నాది. వీసా చేతికొచ్చేదాకా ఉన్న మూడు నాలుగు వారాల్లో, ఇంటిపనికి వెళ్ళే ఆడవాళ్ళకి నాలుగు ముక్కలు నేర్పి పంపడం నా పని. అరబిక్ మీద ఇష్టంతో నా గదిలోకి అడుగుపెట్టిన మనిషిని నా సర్వీసులో ఒక్కర్నే చూశాను. ఆ మనిషి విషయంలోనే నేను నా ఉద్యోగంలో చేసినవాటిల్లో పెద్ద తప్పు చేశాను. మీరు కూడా పాఠాలు చెప్పేవాళ్ళే గనుక, అది దాచుకోకుండా చెప్తాను.

ఆమెది గోదావరికి అవతలి ఒడ్డు. రోజూ పంటు పడవెక్కి రేవు దాటి వచ్చేది. ముప్పై దాటింది, భర్త పోయాడు, ఇంట్లో తల్లీ తనూ. అయినా నా కంటికి అమ్మాయే. చిన్నప్పటి నుంచీ లేసు అల్లిన చెయ్యి. క్లాసులో కూర్చున్నా ఒళ్ళో దారం ఉండ, వేళ్ళ మధ్య లేసు సూది ఉండాల్సిందే. రెండో రోజే నాతో అంది, "ఈ భాష వినడానికి చాలా బాగుందండి. గొంతు లోపల్నుంచి వస్తుంది." అరబిక్ బాగుందని నాతో అన్నవాళ్ళు అంతకుముందు లేరు, ఆ తర్వాతా లేరు.

మా క్లాసులో ఎక్కువమంది చదువురానివాళ్ళు. పుస్తకం పనికిరాదు, చెవితోనే నేర్పాలి. నా గొంతుతో చెబితే భయపడేవాళ్ళు. నాకు ఆ భాష అరుపుల్లోనే అందింది కదా, నా నోట్లోంచి కూడా అరుపుగానే వచ్చేది. అందుకని ఆ అమ్మాయి చేత నలభై వాక్యాలు ఫోన్లో రికార్డు చేయించాను. అన్నం పెట్టమంటారా, పిల్లవాడికి జ్వరంగా ఉంది, ఇలాంటివి. ఫోన్ ఎత్తి చెప్పాల్సిన వాక్యం ఒకటి. "మామా మూ మౌజూదా" అని మొదలవుతుంది. అమ్మగారు ఇంట్లో లేరు, సాయంత్రం చెయ్యండి, అని దాని అర్థం.

రికార్డు చేస్తున్నప్పుడు కూడా ఆమె చెయ్యి ఆడుతూనే ఉంది. ప్రతి వాక్యానికీ ముందు సూదిని దారంలోంచి లాగడానికి ఒక్క క్షణం ఆగేది. "ఊఁ" అని చిన్నగా కుట్టు లెక్క పెట్టుకునేది. తర్వాత మాట. వాక్యం చివర గొంతు కొంచెం పైకి లేచి ఆగిపోయేది, ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు. వినడానికి ఎంత హాయిగా ఉండేదంటే, ఇంకోసారి చేయించాలని కూడా నాకు తోచలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచికీ వాటినే పంపాను. "పొల్లుపోకుండా ఇలాగే అనండి" అని చెప్పాను. ఆడవాళ్ళు లేసు అల్లుకుంటూ, చేపలు ఎండబెట్టుకుంటూ, బస్సులో కూర్చుని చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అదే వినేవాళ్ళు. ఆ అమ్మాయి గల్ఫ్ వెళ్ళిపోయింది. గొంతు మాత్రం మా దగ్గర పాఠాలు చెబుతూ ఉండిపోయింది.

రెండేళ్ళ తర్వాత ఒక ఉదయం వాళ్ళ అమ్మ సెంటరుకి వచ్చింది. పంటు దిగి రేవు నుంచి ఎండలో నడిచే వచ్చినట్టుంది, చీర కొంగు చెమటకి తడిసిపోయింది. మంచినీళ్ళిచ్చినా తాగలేదు.

"అమ్మాయి ఫోన్ రెండు నెలల్నుంచీ స్విచ్చాఫ్ వస్తందండి మేడంగారు. ఏజెంటునడిగితే బాగానే ఉంది, ఫోన్ పోగొట్టుకుందీ అంటన్నాడు. మొదట్లో ఒకసారి ఆ ఇంటి ఫోన్నించి చేసింది. ఆ నంబరు దాచుకున్నానండి. దానికి చేస్తే ఎత్తుతంది గానీ, నాతో తెలుగులో మాట్లాడట్లేదండి."

"మరేం మాట్లాడుతోంది?"

"అరబ్బీలో ఏదో అంటది. అమ్మలూ, నేనే, అమ్మని, అంటే మళ్ళీ అదే మాటంటది. పెట్టేస్తది. ఏంటండి అలాగ? నన్ను మర్చిపోద్దా?"

అక్కడే ఆ నంబరుకి చేయించి, స్పీకర్ పెట్టాను. నాలుగు రింగులయ్యాక ఎవరో ఎత్తారు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చిన్నగా "ఊఁ". ఆ తర్వాత "మామా మూ మౌజూదా", చివర కొంచెం పైకి లేచి ఆగిపోయిన గొంతు. అది ఆ అమ్మాయే. నేను తెలుగులో పలకరించాను. అవతల ఊపిరి వినిపిస్తూనే ఉంది. కాసేపటికి మళ్ళీ అదే ఆగడం, అదే వాక్యం, పొల్లుపోకుండా. ఫోన్ పెట్టేసింది.

వాళ్ళ అమ్మ నా మొహంలోకి చూస్తోంది. ఊళ్ళో పెద్దమనిషి ఒకాయన ఎంబసీకి కంప్లైంటు రాసి పెడతానన్నాడట, కాగితాలు సంచిలో తెచ్చుకుంది. పెట్టమంటారా అని అడగడానికే నా దగ్గరికి వచ్చింది.

"ముమ్మాటికీ మీ అమ్మాయేనమ్మా, ఈ గొంతు నాకు తెలియదా? క్షేమంగానే ఉంది," అన్నాను. "ఇంటివాళ్ళు పక్కనే ఉండి వింటుంటారు. తెలుగు మాట్లాడితే ఊరుకోరు. నేనూ పడ్డాను ఆ బాధలు. ఇప్పుడు కంప్లైంటు పెడితే వాళ్ళ కోపమంతా దాని మీద చూపిస్తారు. కొన్నాళ్ళు ఓపిక పట్టండి."

ఆమె కాగితాలు మళ్ళీ సంచిలో పెట్టుకుంది. అప్పుడు మంచినీళ్ళు తాగింది. "అయితే రోజూ చెయ్యొచ్చా అండి? మాట్లాడకపోయినా పర్లేదు, గొంతు వింటే చాలు," అంది. ఆ ఇంటివాళ్ళు మధ్యాహ్నం భోజనం చేసి పడుకునే వేళ మనకి నాలుగు గంటలవుతుంది, అప్పుడు చెయ్యమని నేనే చెప్పాను. పదకొండేళ్ళ అనుభవం కదా, సలహాలకేం తక్కువ.

ఐదు వారాలు గడిచాయి. ఈలోగా నాకు కంట్లో శుక్లం తీశారు. వారం రోజులు ఇంట్లో ఉండమన్నారు. నేను నాలుగో రోజే నల్లకళ్ళద్దాలు పెట్టుకుని క్లాసుకి వెళ్ళిపోయాను. నేను లేకపోతే గది కూలిపోతుందని నా నమ్మకం. పదకొండింటికి కంట్లో చుక్కలు వేసుకుని, పది నిమిషాలు కళ్ళు మూసుకోవాలి గనుక, "ఫోన్ పాఠం ఒక్కొక్కళ్ళే చెప్పండమ్మా" అని కుర్చీలో వెనక్కి వాలాను. అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగి, గది నిశ్శబ్దమైంది.

ముందు బెంచీలోంచి ఒక క్షణం ఆగడం వినిపించింది. "ఊఁ". ఆ తర్వాత వాక్యం.

నేను కళ్ళు తెరవకుండానే, "ఎప్పుడొచ్చావమ్మా?" అన్నాను. ఆ అమ్మాయి తిరిగి వచ్చేసి నా ఎదురుగా కూర్చుందనే అనుకున్నాను. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఇంతలో రెండో బెంచీలోంచి అదే గొంతు, అదే వాక్యం. దాని వెనక కిటికీ పక్క నుంచి. తర్వాత గోడ వైపు నుంచి. కళ్ళు మూసుకున్న నా చుట్టూ ఆ అమ్మాయి బెంచీ మార్చి బెంచీలో కూర్చుని మాట్లాడుతున్నట్టు ఉంది.

కళ్ళద్దాలు తీసేసి చూశాను. మందు వేసిన కంటికి అంతా మసకగా, పందొమ్మిది మంది ఆడవాళ్ళు. నల్లని మనుషులు, తెల్లని మనుషులు, లావుపాటివాళ్ళు, పళ్ళు ఊడినావిడ ఒకామె. తెలుగులో ఎవరి గొంతు వాళ్ళదే. అరబిక్‌లోకి వచ్చేసరికి అందరిదీ ఒకటే గొంతు. లేసు సూది ముట్టని బెస్తవారి ఆడవాళ్ళు కూడా ఆ కుట్టు దగ్గర ఆగుతున్నారు. రెండేళ్ళుగా ప్రతి బ్యాచిలోనూ మొహాలు చూస్తూ వింటున్నాను గనుక నాకు తెలియలేదు. ఇలా ఎంతమందిని పంపానో లెక్క చూసుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు.

అప్పుడు తెలిసింది, మా వాళ్ళని పంపేది కూడా ఆ ఏజెంటే గనుక, ఆ ఇంట్లో ఫోన్ ఎత్తుతున్నది నా క్లాసులోంచి వెళ్ళిన ఎవరైనా కావచ్చు. ఐదు వారాలుగా ఆ తల్లి ఎవరి గొంతు వింటోంది? మరి ఆమె కూతురేది?

క్లాసు ఆపేసి రేవుకి వెళ్ళాను. పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను. ఈలోగా మా ఆయన ఫోన్ చేశాడు. నేను హలో అన్నాక, "ఏంటే, మాట్లాడే ముందు ఆగుతావు?" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచో అలాగే ఎత్తుతున్నానట.

వాళ్ళిల్లు చేరేసరికి నాలుగు కావస్తోంది. ఆమె మొహం కడుక్కుని, జుట్టు దువ్వుకుని, అరుగు మీద ఫోన్ ముందు పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి, "మంచి టైముకొచ్చారండి, మీరూ మాట్లాడుదురుగాని," అంది. నేను చెప్పబోయేలోపే ఆమె నంబరు నొక్కి స్పీకర్ పెట్టింది. ఆ ఆగడం, ఆ "ఊఁ", ఆ వాక్యం. ఆమె కళ్ళు మూసుకుని వింటోంది.

నేను ఫోన్ తీసుకుని, క్లాసులో అన్నట్టే గట్టిగా అన్నాను. "నేను నరసాపురం అరబిక్ మేడాన్ని. పాఠం అయిపోయింది. ఇక తెలుగులో చెప్పు. ఏ ఊరమ్మా నీది?"

ఆ తర్వాత వచ్చిన గొంతు మేమిద్దరమూ ఎన్నడూ విననిది. బొంగురుగా, మొరటుగా, వయసు మీరిన మనిషిది.

"మేడంగారా? మొగల్తూరండి నాది. గోడ పక్క బెంచీలో కూర్చునేదాన్నండి." ఆమె గొంతు తగ్గించింది. "నేనొచ్చి మూడు నెల్లయిందండి. రోజూ ఎవరో పెద్దావిడ చేసి అమ్మలూ అమ్మలూ అని ఏడుస్తారండి. ఇక్కడ నా కన్నా ముందున్నావిడకి జబ్బు చేసి ఆస్పత్రికి తీసుకెళ్ళారంట, మళ్ళీ రాలేదంట. ఆవిడ గదిలోనే పడుకుంటన్నానండి. ఆవిడ సామానూ ఇక్కడే ఉంది. పోయినావిడ కోసం చేస్తన్నారో, అసలు ఆ చేసేవాళ్ళే మనుషులో కాదో తెలీక భయమేసి, నాకొచ్చిన ఆ ఒక్క మాటా చెప్పి పెట్టేసేదాన్నండి."

వాళ్ళ అమ్మ నా చేతిలో ఫోన్ వైపే చూస్తోంది. ఆమె ఏడవలేదు. "ఎవరండీ ఈవిడ? మా అమ్మాయిని పిలవమనండి," అంది. నాలుగుసార్లు అదే మాట అంది.

కంప్లైంటు ఆ రోజే వెళ్ళింది. రాయడం ఆ పెద్దమనిషిదే, నేను కింద సంతకం పెట్టాను. ఎంబసీ వాళ్ళు వెతికితే పదహారో రోజున దొరికింది. బతికే ఉంది. మెదడుకి జ్వరం పాకి, ఊపిరి అందక, గొంతుకి కోత పెట్టి ట్యూబు వేశారు. ఇంటివాళ్ళు ఆస్పత్రిలో వదిలేసి వెళ్ళిపోయారు, కాగితాలేవీ ఇవ్వలేదు. తెలివి వచ్చాక ఎవరో, ఏ ఊరో చెబుదామంటే గొంతులో ట్యూబు. సైగలు ఎవరికీ అర్థం కాలేదు. వాళ్ళ అమ్మ అరుగు మీద ఆమె గొంతు వింటూ కూర్చున్న ఐదు వారాలూ, అమ్మాయి అక్కడ మాట లేకుండా పడి ఉంది.

ఇంటికి చేరడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మెడ మీద మచ్చ. మాట్లాడితే సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఉండేది, దగ్గరికి వెళ్ళి వినాలి. భీమవరంలో గొంతు డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఆయన లైటు వేసి చూసి, "ట్యూబు అన్నాళ్ళు ఉంచకూడదండి. తరఫు మనిషి ఎవరైనా ఉంటే అడిగి తీయించేవారు. ఒక నెల ముందు తీసినా గొంతు ఇంతలా పోయేది కాదు," అన్నారు. ఆ నెల ఎవరు పోగొట్టారో ఆయనకి తెలియదు. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. అంత సిగ్గు నేను గల్ఫ్‌లో తిట్లు తిన్నప్పుడు కూడా పడలేదు.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి, క్షమించమని అడిగాను. ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "మీరు విన్నది నా గొంతే కదండి," అంది. అందులో కోపం వెతికాను. కోపం ఉన్నా బాగుండేది.

రికార్డులు నా ఫోన్లోంచి తీసేశాను. ఆ తర్వాత మూడు నాలుగు రకాల గొంతులు పెట్టి నేర్పాను. మీరూ అలాగే చెయ్యండి, ఒకే గొంతుతో ఎవరికీ ఏ భాషా నేర్పకండి. అయితే తీసేసినంత మాత్రాన అవి పోలేదు. ఒకరి ఫోన్లోంచి ఒకరి ఫోన్లోకి వెళ్ళిపోయాయి. పాలకొల్లులో ఇంకో సెంటర్లో వాటితోనే చెప్తున్నారని విన్నాను. అక్కడి మేడమ్‌కి ఫోన్ చేస్తే, ఆవిడ ఒక క్షణం ఆగి, "ఊఁ" అని, అప్పుడు హలో అంది. నేను పెట్టేశాను.

మానేసే ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి తేరుకుంది. మళ్ళీ లేసు అల్లుతోంది. టీ పెట్టి తెచ్చింది. టీవీలో ఏదో సీరియల్ వస్తోంది. వాళ్ళ అమ్మ కూతురికి చెయ్యాల్సినవన్నీ చేస్తోంది, అన్నం మెత్తగా పిసికి పెడుతోంది, మెడకి నూనె రాస్తోంది. కానీ ఆ అమ్మాయి ఏదైనా అంటే మాత్రం ముఖం పక్కకి తిప్పుకుంటోంది. అమ్మాయి వంటగదిలోకి వెళ్ళినప్పుడు నాతో మెల్లగా అంది, "మనిషొచ్చిందండి. గొంతే ఇంకా రాలేదు."

కాసేపటికి ఆమె గోడ గడియారం చూసి లేచింది. మొహం కడుక్కుంది, జుట్టు దువ్వుకుంది, ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. మొగల్తూరు మనిషి ఇంకా ఆ గల్ఫ్ ఇంట్లోనే చేస్తోందని నాకు తెలుసు. ఒకసారి అడిగితే, "ఆ మాట చెప్పేదాకా పెద్దావిడ ఫోన్ పెట్టరండి, చెప్తే నెమ్మదిస్తారు," అంది. తెరిచిన తలుపులోంచి వాళ్ళ అమ్మ వీపు కనిపిస్తోంది. స్పీకర్ పెట్టినట్టుంది. ఫోన్ రింగవుతోంది.

నేను కూతురి వైపు చూశాను. ఆమె సూది ఆపింది. నాకు వినబడాలని దగ్గరికి జరిగింది.

"నాలుగయ్యిందండి. అమ్మ నాతో మాట్లాడుకునే టైము," అని చెప్పి, టీవీ సౌండు తగ్గించింది.